కావలివాడికి వచ్చే ఉత్తరువులు

పిల్లలూ! మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఈ-మెయిల్ ఉండే ఉంటుంది. మీ నాయననో, అక్కనో అడిగి, అందులో "స్పామ్" అని పేరు పెట్టిన అర ఒకటుంటుంది, దాన్ని తెరిచి చూపించమనండి. వాళ్ళు పక్కన ఉండగానే చూడాలి సుమా! అందులో దేన్నీ నొక్కకూడదు. చూడటం వరకే.

ఏముంది అందులో? ఎన్నడూ టిక్కెట్టు కొనని లాటరీలో మీకు కోటి రూపాయలు వచ్చాయట. ఎక్కడో చనిపోయిన ధనవంతుడు తన ఆస్తికి మిమ్మల్ని వారసుల్ని చేశాడట. మీ బ్యాంకు ఖాతా ఈ సాయంత్రం ఆగిపోతుందట, వెంటనే రహస్య సంఖ్య చెప్పాలట! ఇవన్నీ అబద్ధాలే. ఇలాంటి అడగని ఉత్తరాలనే స్పామ్ అంటారు. 1978 మే 3వ తేదీన అమెరికాలో గ్యారీ థర్క్ అనే ఆయన తమ కంపెనీ కంప్యూటర్లను అమ్ముకోవటానికి ఒకేసారి సుమారు 400 మందికి ఉత్తరం పంపాడు. అదే మొదటి స్పామ్ అని చెబుతారు. పాపం, ఆయన దొంగ కాడు, వ్యాపారి. తరువాత వచ్చినవాళ్ళలో దొంగలే ఎక్కువ.

ఈ ఉత్తరాలు ఆ అరలోకి ఎవరు తోశారు? కావలివాడు. ఉత్తరాలు పంచే కంప్యూటరులో కూర్చుని, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి, మంచిదాన్ని లోపలికి పంపి, చెడ్డదాన్ని పక్కకు నెట్టే ప్రోగ్రాము అది. ఇలాంటి కావలివాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఒకడి పేరు స్పామ్‌అసాసిన్. జస్టిన్ మేసన్ అనే ఆయన 2001లో దీన్ని లోకానికి ఇచ్చాడు. 2004 నుంచి అపాచీ అనే సంస్థ నీడలో, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులు దీన్ని సాకుతున్నారు. ఎవరైనా డబ్బివ్వకుండా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడవచ్చు. అందుచేతనే నేను మీకు దీని కథ చెప్పగలుగుతున్నాను.

ఈ కావలివాడు మార్కులు వేస్తాడు. వాడి దగ్గర సూత్రాల పట్టీ ఒకటి ఉంటుంది. "లాటరీ గెలిచారు అని ఉంటే ఇన్ని మార్కులు. పంపినవాడి చిరునామా తప్పుగా ఉంటే ఇన్ని మార్కులు. ఉత్తరమంతా పెద్ద అక్షరాలతో అరుస్తూ ఉంటే ఇన్ని." ఇలా వందల సూత్రాలు. అన్నీ కూడితే 5 మార్కులు వచ్చాయా, ఆ ఉత్తరం స్పామ్ అన్నమాట. మన బడిలో మార్కులు ఎక్కువ వస్తే పాసు. ఇక్కడ ఎక్కువ వస్తే ఫేలు!

కాని దొంగ ఊరుకుంటాడా? "లాటరీ" అని రాస్తే పట్టుకుంటున్నారని తెలిసి అక్షరాల మధ్య చుక్కలు పెడతాడు. దాన్నీ పట్టుకుంటే మాటలు మానేసి బొమ్మ పంపుతాడు. కనుక సూత్రాలను ఎప్పటికప్పుడు మార్చక తప్పదు. ఆ కొత్త సూత్రాలు కావలివాడికి ఎలా చేరతాయి? వాటిని తెచ్చుకునేందుకు వాడి దగ్గర ఇంకొక చిన్న ప్రోగ్రాము ఉన్నది. చాలాచోట్ల దాన్ని రోజుకొకసారి నడుపుతారు.

అది మొదట ఒక ప్రశ్న అడుగుతుంది: "కొత్త పట్టీ సంఖ్య ఎంత?" ఈ ప్రశ్న అడిగే తీరు తమాషాగా ఉంటుంది. ఇంటర్నెట్టులో పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ అనే ఏర్పాటు ఒకటుంది, దాన్నే అడుగుతుంది. కావలివాడు 4.0.1 అనే ప్రతి అయితే, ఆ సంఖ్యను తిరగేసి "1.0.4.అప్‌డేట్స్.స్పామ్‌అసాసిన్.ఆర్గ్" అనే పేరును గురించి విచారిస్తుంది. జవాబుగా ఒక సంఖ్య వస్తుంది. తన దగ్గర ఉన్న సంఖ్య కంటే అది పెద్దదయితేనే కొత్త పట్టీ కోసం వెళుతుంది. లేకపోతే, "ఇవాళ ఏమీ లేదు" అని ఊరుకుంటుంది. ఉత్త పుణ్యానికి మోత మోయటం ఎందుకు!

ఇక పట్టీ ఎక్కడ దొరుకుతుంది? ప్రపంచంలోని కావలివాళ్ళంతా ఒక్క చోటికే వస్తే ఆ ఒక్క కంప్యూటరూ తట్టుకోలేదు. అందుకని దాతలు కొందరు తమ తమ కంప్యూటర్లలో పట్టీకి నకళ్ళు ఉంచుతారు. వీటిని "మిర్రర్లు", అంటే అద్దాలు, అంటారు. కావలివాడు ఏదో ఒక అద్దం దగ్గరకు వెళ్ళి నకలు తెచ్చుకుంటాడు.

పిల్లలూ, ఇక్కడే చిక్కు ఉన్నది. ఆ అద్దం ఉన్న ఇంట్లో దొంగ దూరితే? లేదా దారిలోనే నకలును మార్చివేస్తే?

కావలివాడికి యజమాని పేరుతో దొంగ ఉత్తరువు అందిందనుకోండి. "ఫలానా దొంగ మన చుట్టమే, లోపలికి పంపించు" అని అందులో ఉంటే వాడు పంపించేస్తాడు. ఇంతకన్నా చెడ్డది ఇంకొకటి: "పరీక్ష హాల్ టిక్కెట్టు అనే మాట ఉంటే 10 మార్కులు వెయ్యి" అని ఉంటే? మీ అన్నకు రావలసిన ఉత్తరం చెత్తలో పడి, పరీక్ష దాటిపోయిన తరువాత బయట పడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం మరొకటి ఉన్నది. ఈ సూత్రాల పట్టీ ఉత్త కాగితం కాదు. కంప్యూటరు దాన్ని చదివి పని చేస్తుంది. పట్టీలో కుట్రగా కొన్ని మాటలు చేర్చి, ఏ చప్పుడూ లేకుండా కంప్యూటరు చేత తాము చెప్పిన పని చేయించవచ్చునని కనిపెట్టారు. ఆ కన్నాన్ని 2021 మార్చిలో వచ్చిన 3.4.5 ప్రతిలో పూడ్చారు. అంటే, అంతకు ముందు దొంగ పట్టీని నమ్మిన కావలివాడు ఇంటి తాళాలు తానే తీసి ఇచ్చేవాడన్నమాట.

మరి, వచ్చిన పట్టీ యజమాని రాసిందేనని తెలిసేది ఎలా?

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. మా గార్ల పక్కనే బయ్యారం ఉన్నది. అక్కడి పెద్దచెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. ఆమె వేయించిన రాతి శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉన్నది. చరిత్ర రాసేవారికి అది పెన్నిధి. ఆ రాతికి రాజముద్ర అక్కరలేదు. ఎందుకంటారా? రాయి కదలదు. పదిమంది కళ్ళ ఎదుట నిలబెట్టిన రాతిలో ఒక అక్షరం మార్చాలంటే ఊరంతటికీ ఉలి చప్పుడు వినబడుతుంది.

కాని, ఏ బ్రాహ్మణుడికో, గుడికో దానమిచ్చినప్పుడు రాజులు రాగి రేకుల మీద కూడా రాయించి ఇచ్చేవారు. రాగి రేకులు చేతులు మారతాయి, ఊళ్ళు దాటుతాయి. మధ్యలో ఒక రేకు తీసి ఇంకొకటి పెడితే? అందుకోసం వేంగీ చాళుక్యుల కాలంలో ఏం చేసేవారో చూడండి. రేకులన్నిటికీ రంధ్రం పొడిచి, వాటిలో నుంచి లోహపు కడియం దూర్చి, కడియం కొనలు రెండూ రాజముద్రలో అతికేసేవారు. ఆ ముద్ర మీద వరాహం బొమ్మ, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు ఉండేవి. రేకు మార్చాలంటే కడియం కోయాలి, కోస్తే తెలిసిపోతుంది. ఈనాటికీ రాగి శాసనం దొరికితే, కడియం ముందే కోసి ఉన్నదా లేదా అని పండితులు చూసి మరీ రాసుకుంటారు. ఇంత చేసినా దొంగ శాసనాలు పుట్టకపోలేదు. ముద్ర పోతపోయగలవాడు దొంగ ముద్ర కూడా పోయగలడు గదా!

సూత్రాల పట్టీ కూడా రాగి రేకు లాంటిదే. చేతులు మారుతూ వస్తుంది. దానికీ ముద్ర కావాలి. పైగా, ఎవరూ పోతపోయలేని ముద్ర కావాలి. దాన్ని లెక్కలతో చేశారు. పలకో, కాగితమో తీసుకుని నాతో కూడా లెక్క వెయ్యండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

మన పట్టీలో మూడే సూత్రాలు ఉన్నాయనుకుందాం. వాటి మార్కులు 2, 1, 1. వీటిని కూడితే 4. దీన్ని పట్టీ "గుర్తుసంఖ్య" అందాం. యజమాని దగ్గర ఒక రహస్య సంఖ్య ఉన్నది: 7. ఆయన ఏడు నాలుగులను ఒకదానితో ఒకటి గుణిస్తాడు. 16,384 వస్తుంది. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఈ 16 ఆయన సంతకం! "2, 1, 1 — సంతకం 16" అని పంపుతాడు.

కావలివాడికి రహస్య సంఖ్య తెలియదు. వాడికి తెలిసినవి రెండే: 3, 33. ఇవి ఎవరికి తెలిసినా ఫరవాలేదు. వాడు సంతకాన్ని మూడుసార్లు గుణిస్తాడు. 16 × 16 × 16 = 4,096. దీన్ని 33తో భాగిస్తే శేషం? వేసి చూడండి. 4! పట్టీలో మార్కులు కూడినా 4. రెండూ కలిశాయి, కనుక పట్టీ యజమానిదే.

ఇప్పుడు దొంగ వచ్చి మొదటి 2ను 0 చేశాడు. మార్కులు కూడితే 2 వస్తుంది, సంతకం మాత్రం ఇంకా 4 అంటున్నది. దొరికిపోయాడు! 2కు తగిన సంతకం తానే చేయాలంటే వాడికి రహస్యమైన 7 తెలియాలి. ఈ చిన్న లెక్కలో వాడు తెలుసుకోగలడు కూడా. ఎందుకంటే 33 అంటే 3 × 11 అని మీరందరూ చెప్పేస్తారు, అది తెలిస్తే 7ను రాబట్టే ఉపాయం ఉన్నది. అసలు సంతకాల్లో 33కు బదులు ఎంత సంఖ్య వాడతారో తెలుసా? స్పామ్‌అసాసిన్ వాళ్ళ సంఖ్యలో వెయ్యిన్ని రెండువందల పైచిలుకు అంకెలున్నాయి. దాన్ని ఏ రెండు సంఖ్యలు గుణిస్తే వచ్చిందో కనిపెట్టటం ఈనాటి కంప్యూటర్లన్నీ కలిసినా అయే పని కాదు. ఈ లెక్కను 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు బయట పెట్టారు. సంతకం చేయటానికీ, సరిచూడటానికీ వాడే ప్రోగ్రాము పేరు జీపీజీ. అదీ ఉచితమే.

తెలివిగలవాళ్ళు ఈపాటికి ఒక ప్రశ్న అడగాలి. "మాస్టారూ, దొంగ 2, 1, 1ని 1, 2, 1గా మార్చాడనుకోండి. కూడితే 4 గదా! అప్పుడెలా?" భేష్! మన గుర్తుసంఖ్య బలహీనమైనది. అందుకే అసలు పనిలో ఉత్త కూడిక చెయ్యరు. పట్టీ అంతటినీ పిండి పిసికినట్టు పిసికి ఒక గుర్తు తీస్తారు. ఎక్కడ ఒక్క చుక్క మారినా గుర్తు యావత్తూ మారిపోతుంది. అయినా ఈ గుర్తులకు కూడా ముసలితనం వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే పద్ధతిలో ఒకే గుర్తు వచ్చే రెండు వేరు వేరు పత్రాలను 2017లో గూగుల్ వారూ, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులూ కలిసి తయారుచేసి చూపించారు. స్పామ్‌అసాసిన్ వాళ్ళు అంతకన్నా బలమైన గుర్తులు పెట్టుకుని, 2020 మార్చి 1 నుంచి పాత పద్ధతి గుర్తులు ప్రచురించటం మానేశారు. బలమైనవాటిలో ఒకటి, ఎస్‌హెచ్‌ఏ-256, రాస్తే 64 అక్షరాలు ఉంటుంది.

"గుర్తు అంత బలమైనదయితే అదొక్కటే చాలదా, సంతకం ఎందుకు?" అని కూడా అడగవచ్చు. గుర్తు కూడా పట్టీతో పాటు అదే అద్దంలో ఉంటుంది. పట్టీని మార్చినవాడు గుర్తును కూడా కొత్తగా తీసి పెట్టేస్తాడు. గుర్తు తీయటానికి ఏ రహస్యమూ అక్కరలేదు. దారిలో పొరపాటున పట్టీ చెడిపోతే గుర్తు పట్టిస్తుంది. దొంగను పట్టించాలంటే సంతకమే కావాలి.

ఇంకొక మెలిక. కావలివాడి గుత్తిలో నలుగురి బహిరంగ తాళంచెవులు ఉండవచ్చు. (ఇందాకటి 3, 33లాంటి జతనే బహిరంగ తాళంచెవి అంటారు, 7 రహస్య తాళంచెవి.) వేరేవాళ్ళు రాసే సూత్రాల పట్టీలు కూడా ఉంటాయి గనక వాళ్ళ తాళంచెవులు కూడా చేర్చుకుంటారు. అయితే, గుత్తిలో ఉన్నంత మాత్రాన ఆ మనిషి మాట చెల్లదు. "ఈ తాళంచెవివాడి ఉత్తరువు నేను ఒప్పుకుంటాను" అని విడిగా చెప్పాలి. ఊళ్ళో పోస్టుమాస్టరు సంతకం మీకు తెలిసి ఉండవచ్చు. అంతమాత్రాన ఆయన సంతకంతో బడికి సెలవు ఇస్తారా? హెడ్మాస్టరు సంతకం కావాలి!

తాళంచెవే దొంగది అయితే? మంచి అనుమానమే. అందుకే మొదటి తాళంచెవి ప్రోగ్రాముతో పాటే వస్తుంది. బయటి నుంచి తెచ్చుకునేదాన్ని, దాని పొడవాటి గుర్తును వేరొక దారిన తెలుసుకుని, అక్షరం అక్షరం పోల్చుకుని చేర్చుకోవాలి. ఈ పోల్చటం విసుగు పనే, కాని ఒక్కసారే చేసేది.

పెద్దలకు ఈ సంతకం కొత్తదేమీ కాదు. మన దేశంలో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం దీనికి చేతిసంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. 2011లో మీసేవ మొదలయిన తరువాత కులం, ఆదాయం పత్రాలు ఈ సంతకంతోనే వస్తున్నాయి. ఇలా సంతకం చేసిన పత్రాన్ని కంప్యూటరులో తెరిస్తే ఒక్కొక్కసారి సంతకం పక్కన పసుపుపచ్చ ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. పత్రం దొంగదని దాని అర్థం కాదు. సంతకం చేసినవాడికి హామీ ఇచ్చే తాళంచెవి మీ కంప్యూటరు గుత్తిలో లేదని అర్థం. ఎర్ర గుర్తు వస్తే మాత్రం అనుమానించాలి.

సరే, సంతకం కుదిరింది. ఇక నమ్మేయవచ్చునా? ఆగండి. 2010 జనవరి 1న ఏం జరిగిందో వినండి.

స్పామ్ పంపేవాళ్ళు తమ ఉత్తరం పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండాలని ఎంతో ముందు తేదీ వేస్తారు. దాన్ని పట్టుకోవటానికి స్పామ్‌అసాసిన్‌లో ఒక సూత్రం ఉండేది. సంవత్సరం "20"తో మొదలై, మూడవ అంకె 1 నుంచి 9 దాకా ఏదైనా అయితే, అది చాలా ముందు తేదీ కింద లెక్క. 2007లోనో 2008లోనో ఇది బాగానే ఉన్నది. క్యాలెండరు మారి 2010 వచ్చేసరికి? మూడవ అంకె 1! ఆ రోజు నుంచి ప్రపంచంలో సరైన తేదీ వేసిన ప్రతి ఉత్తరానికీ కొన్నిచోట్ల మూడున్నర దాకా మార్కులు పడ్డాయి. 5 వస్తే స్పామ్ గదా! పాపం ఎరగని ఉత్తరాలెన్నో చెత్తలో పడ్డాయి.

ఇది దొంగల పని కాదు. సొంతవాళ్ళు రాసిన సూత్రమే. చిత్రమేమంటే, దిద్దుబాటు అప్పటికే జరిగింది. కాని, తయారవుతున్న కొత్త ప్రతిలో చేరింది గాని, అందరూ వాడుతున్న ప్రతికి చేరలేదు. జనవరి 1నే సరిచేసిన పట్టీని పంపారు. రోజూ పట్టీ తెచ్చుకునే కావలివాళ్ళు త్వరలోనే కోలుకున్నారు; తెచ్చుకోనివాళ్ళు ఉత్తరాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు.

సంతకం కుదిరిన తరువాత కూడా ఆ ప్రోగ్రాము పట్టీని నేరుగా వాడుకలో పెట్టదు. పక్కన పెట్టి, సూత్రాలన్నీ వ్యాకరణం ప్రకారం ఉన్నాయో లేవో ఒకసారి చదివి చూస్తుంది. తప్పుంటే కొత్తదాన్ని వదిలి పాతదాన్నే ఉంచుతుంది. 2010 సూత్రాన్ని ఈ పరీక్ష కూడా పట్టలేదు. వ్యాకరణం తప్పు లేకుండా కూడా అబద్ధం రాయవచ్చు గదా! సంతకం "ఎవరు రాశారు, మధ్యలో మారిందా" అన్నది చెబుతుంది. వ్యాకరణ పరీక్ష "చదవటానికి వీలవుతుందా" అన్నది చెబుతుంది. "రాసింది నిజమా" అన్నది చూడవలసినవాళ్ళు మనుషులే. అందుకే సేవకులు కొందరు పోగుచేసుకున్న మంచి ఉత్తరాల మీదా, చెడ్డ ఉత్తరాల మీదా సూత్రాలను నడిపి చూస్తుంటారు.

ఇంట్లో అన్నలెవరైనా ఇలాంటి కంప్యూటర్ల పని చేస్తూ ఉంటే వాళ్ళకో మాట. సంతకం కుదరకపోతే ఆ ప్రోగ్రాము పట్టీని పారేసి, "సరిచూపు తప్పింది" అని చెప్పి ఆగిపోతుంది. చాలాసార్లు కారణం దొంగ కాదు. కొత్త తాళంచెవి చేర్చుకోకపోవటమో, ఇంకేదో. సంతకం చూడకుండా తెచ్చుకొమ్మని చెప్పే మీట కూడా ఒకటి ఉన్నది. తొందరలో ఉన్నవాళ్ళు దాన్ని నొక్కేస్తారు. మర్నాడు దాన్ని మళ్ళీ మామూలుగా పెట్టటం ఎవరికి గుర్తుంటుంది? నా మట్టుకు నాకు ఆ మీట ఉండటమే నచ్చదు. ఒక్కరోజు పాత పట్టీతో గడిపితే నాలుగు చెత్త ఉత్తరాలు ఎక్కువ వస్తాయి, అంతే.

ఇక లెక్క మీ వంతు. కావలివాడి దగ్గరకు మూడు పట్టీలు వచ్చాయి. మొదటిది: 3, 1, 1 — సంతకం 14. రెండవది: 2, 2, 3 — సంతకం 13. మూడవది: 3, 2, 1 — సంతకం 30. వాడి దగ్గర ఉన్నవి అవే 3, 33. సంతకాన్ని మూడుసార్లు గుణించి, 33తో భాగించి, శేషాన్ని మార్కుల మొత్తంతో పోల్చండి. మూడింటిలో ఒకటి దొంగది. ఏది?